మా జేజి గ్రైండరు, 27 ఏళ్ళ వాడకం తరువాత

ముందే చెప్పేస్తున్నా, ఇది చదివి ఎవరూ ఇట్లాంటిది కొనొద్దు. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి రెండు లీటర్ల టేబుల్ టాప్ చాలు, దాన్ని ఒక మూల పెట్టుకోవచ్చు, ఒక మనిషే ఎత్తి దించొచ్చు. మాది ఐదు లీటర్లది, అర హార్స్‌పవర్ మోటారు, వంచడానికి వీల్లేని పాత రకం. దాన్ని కదిలించాలంటే నలుగురు మగవాళ్ళు కావాలి, ఆ నలుగురికీ తరువాత టిఫిన్ పెట్టాలి.

1998లో మా జేజి, అంటే నాయనమ్మ, చీటీ ఎత్తి ఆ డబ్బుతో కొనింది. ఇంట్లో ఉండేది ఆరుగురం. షాపాయనే చిన్నది చాలమ్మా అన్నాడంట, అమ్ముకునేవాడే చిన్నది తీసుకోమంటే ఈమె పెద్దదే కావాలని కూర్చుంది. తోపుడు బండి మీద తిరుపతి కొర్లగుంటలోని మా ఇంటికి వచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. జేజి దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, ఆ టెంకాయ నీళ్ళు మాకు పోయకుండా బండి తోసినాయనకు ఇచ్చింది. కంపెనీ స్టిక్కరు తుడిచి తుడిచి ఎప్పుడో పోయింది, ఏ కంపెనీ అని అడగొద్దు.

పిండి సంగతికి వస్తే ఇప్పటికీ దీనికి సాటి లేదు. చేతి రోట్లో రోలు కదలదు, పొత్రం మనం తిప్పాలి. దీంట్లో రోలే తిరుగుతుంది, పొత్రం ఒక పక్కకు ఆనుకొని ఉన్నచోటనే దొర్లుతుంటుంది. మిక్సీ బ్లేడు వేగానికి పిండి వేడెక్కిపోతుంది కదా, ఇక్కడ రాయి నిదానం కాబట్టి ఎంతసేపు రుబ్బినా పెద్దగా వేడెక్కదు, మినప్పిండిలోకి గాలి బాగా చేరి దూది మాదిరి పైకి లేస్తుంది. కోస్తా వైపు ఇడ్లీ రవ్వ కలుపుతారు గానీ మా చిత్తూరు, తిరుపతి ఇళ్ళల్లో ఉప్పుడు బియ్యమే, తమిళనాడు పక్కనే ఉంది కాబట్టి ఆ అలవాటు. జేజి లెక్క నాలుగు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు మినపగుళ్ళు, ఒక చెంచా మెంతులు. మినపగుళ్ళు ముందు, అరగంట దాకా, నీళ్ళు ఒకేసారి కుమ్మరించకుండా చేత్తో చిలకరిస్తూ. అయిందో లేదో చూడ్డానికి చెంబులో నీళ్ళు పెట్టుకొని, చూపుడు వేలితో గోలీ అంత పిండి తీసి అందులో విదిలించేది. మునిగితే ఇంకా రుబ్బాలి. తేలితే "చాలు నాయనా, ఆపు" అనేది. స్విచ్ నా డ్యూటీ. తేలిన ముద్దను పారబోసేది కాదు, తీసి మళ్ళీ పిండిలోనే వేసేది.

ఇంక లోపాలు. మొదటిదీ పెద్దదీ ఏమిటంటే ఇది కొంచెం పిండి రుబ్బదు. ఒక గ్లాసు మినపగుళ్ళు వేస్తే అంతా పక్కలకు ఎగిరి అంటుకుంటుంది, రాయీ రాయీ రాసుకొని గరగరమని చప్పుడు, చివరికి గుళ్ళు గుళ్ళుగానే ఉంటాయి. మా ఆవిడ, నేను, ఒక పాప, మాకు వారానికి కావలసింది దీంట్లో అడుగు కూడా తడపదు. దీన్ని అపార్ట్‌మెంటుకు తెచ్చుకున్న తరువాతే నాకు ఈ సంగతి తెలిసింది. జేజి ఉన్నన్నాళ్ళూ అది నిండకుండా తిరగడం నేను ఎప్పుడూ చూడలేదు మరి.

ఎందుకంటే శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి మా తిన్నె మీద వరసగా గిన్నెలుండేవి, నానబోసిన బియ్యం, పప్పుతో. వీధిలో మిక్సీ లేనివాళ్ళు, చెయ్యి నొప్పి వాళ్ళు, కొత్తగా కాపురానికి వచ్చిన అద్దె ఇంటివాళ్ళు. ఎవరి దగ్గరా రూపాయి తీసుకునింది లేదు. తాతకు మాత్రం కరెంటు బిల్లు మీద టెన్షన్. "వీధికంతా మనమే కరెంటు కడతా ఉండామా?" అని ప్రతి నెలా అదే మాట. నేను ఇంజినీరింగ్‌లో చేరినాక లెక్క వేసి చెప్పినా, అర హార్స్‌పవర్ అంటే 373 వాట్లు, మోటారు నష్టాలు కలుపుకున్నా ఒక వాయికి అర యూనిట్ దాటదు అని. తాత నమ్మలేదు. జేజి ఆ లెక్క వినలేదు కూడా, ఎవరిదో గిన్నె కడుగుతా ఉంది.

2012 ఎండాకాలం కరెంటు కోతల్లో సగం రుబ్బినాక మోటారు ఆగిపోయేది. అప్పుడు ఆమె తన ఇంటి పిండిని పక్కన పెట్టి, ఎదురింటి వాళ్ళది తీసి చేతి రోట్లో ముగించేది. మన ఇంట్లో ఆ పూట ఉప్మా. నాకు చాలా కోపం వచ్చేది, ఇప్పటికీ ఉప్మా అంటే నాకు పడదు.

రెండో లోపం, పొత్రానికి కింద అంచున బొటనవేలి గోరంత పెచ్చు ఊడింది. ఒకసారి ఎవరో పెళ్ళికి కావాలంటే ఇచ్చింది, వాళ్ళు దించేటప్పుడు పడేసినారు, చెప్పకుండా తెచ్చి పెట్టి పోయినారు. మా నాయన గొడవకు పోతానంటే "రాయి కదబ్బా, పెళ్ళి బాగా జరిగిందంట, పోనీలే" అని ఆపేసింది. ఆ సందులో ఇరుక్కొని ప్రతి వాయికీ ఒకటో రెండో మినపగుళ్ళు నలగకుండా వస్తాయి. దోసెలో పంటి కింద పడితే మా పాప ఏడుస్తుంది.

బెల్టు ఇప్పటికి నాలుగుసార్లు మార్చినాం, అది ఏ ఎలక్ట్రికల్ షాపులో అయినా దొరుకుతుంది. మోటారు ఒకసారి కాలింది, వైండింగ్ చేయించినాం. అంతకంటే చెప్పేదేమీ లేదు.

వీధి చివర ఇడ్లీలు అమ్మే ఒకామె ఉండేది, భర్త పోయినాక మొదలుపెట్టింది. దాదాపు ఆరేళ్ళు ఆమె పిండి మా ఇంట్లోనే, తెల్లవారుజామున నాలుగున్నరకే మోటారు మొదలు, మాకు నిద్ర ఉండేది కాదు. తరువాత ఆమె సొంతంగా గ్రైండరు కొనుక్కునింది. జేజి పోయిన మరుసటి రోజు పొద్దున, ఇంట్లో పొయ్యి వెలిగించలేదు, ఆమె పెద్ద స్టీలు డబ్బాలో ఇడ్లీలు తెచ్చింది. అందరికీ పెట్టి, తను ఒక ముక్క నోట్లో వేసుకొని, "ఉప్పు రవంత తగ్గింది, ఆమె ఉంటే చెప్పి ఉండును" అనింది.

ఇప్పుడు అపార్ట్‌మెంటులో గ్రైండరు చప్పుడుకు పై అంతస్తులో పెట్టుకోనియ్యలేదు, కింద పార్కింగులో వాచ్‌మన్ గది పక్కన పెట్టినాం. మేము వేసేది చాలదు కాబట్టి వాచ్‌మన్ వాళ్ళావిడను కూడా వేసుకోమన్నాం, ఆమె రెండో ఫ్లోరు వాళ్ళకు చెప్పినట్టుంది, పోయిన శుక్రవారం దిగి చూస్తే మూడు గిన్నెలున్నాయి. ఒకటి ఎవరిదో ఇంకా తెలియలేదు.

రాయి నున్నగా అయిపోయింది, కక్కు కొట్టించాలి, అంటే ఉలితో మళ్ళీ గరుకు చేయించాలి. ఇంతకుముందు వీధుల్లో అరుచుకుంటూ వచ్చేవాళ్ళు, ఇప్పుడు కనబడటం లేదు. తిరుపతిలోగానీ చంద్రగిరి వైపుగానీ కక్కు కొట్టేవాళ్ళు తెలిస్తే చెప్పండి.