నెట్‌ఫ్లిక్స్‌లో పాత డబ్ల్యూడబ్ల్యూఎఫ్: ఏ ప్లాన్ చాలు, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది సరిగా లేదు

2025 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో డబ్ల్యూడబ్ల్యూఈ (ఒకప్పుడు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే పేరున్న రెజ్లింగ్ కంపెనీ) సోనీని వదిలి నెట్‌ఫ్లిక్స్‌కి మారింది. రా, స్మాక్‌డౌన్, ఎన్ఎక్స్‌టీ, పెద్ద షోలు అన్నీ ఇప్పుడు అక్కడే. వాటితోపాటు ఏటా జరిగే పెద్ద షోలైన రెసిల్‌మేనియా, రాయల్ రంబుల్‌లలో పాతవీ పెట్టారు. కొత్త షోల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ రివ్యూ మాత్రం హోగన్, మాచో మ్యాన్ రాండీ సావేజ్, బ్రెట్ హార్ట్, స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్‌ల కాలాన్ని మళ్లీ చూడడానికి డబ్బు కట్టాలనుకునేవాళ్ల కోసం.

ముందు ఖర్చు సంగతి. నెలకు మొబైల్ ప్లాన్ 149, బేసిక్ 199, స్టాండర్డ్ 499, ప్రీమియం 649 రూపాయలు. పాత రెజ్లింగ్ కోసమే అయితే 199 దాటి ఒక్క రూపాయి పెట్టొద్దు. డబ్ల్యూడబ్ల్యూఈ తన షోలను హెచ్‌డీలో తీయడం మొదలుపెట్టింది 2008 జనవరిలో. అంతకుముందువి పాత టీవీ కొలతలో, 4:3లో, మామూలు నాణ్యతతో తీసిన టేపులు. 4కె ప్లాన్ కట్టినా 1987 నాటి టేపులో లేని స్పష్టత ఎక్కడి నుంచీ రాదు. బేసిక్‌లో 720పి వస్తుంది, టీవీలోనూ ఆడుతుంది. 149 ప్లాన్ ఫోన్‌కీ ట్యాబ్‌కీ పరిమితం, టీవీకి కాస్ట్ చేయడం కుదరదు. మూడు గంటల షోను ఫోన్‌లో చూడడం కష్టం, కాబట్టి ఆ యాభై మిగుల్చుకోవద్దు.

టీవీలో రెండు సెట్టింగులు సరిచూసుకోండి. పిక్చర్ సైజు "జూమ్"లోనో "స్ట్రెచ్"లోనో ఉంటే తలలు తెగిపోతాయి, లేదా మనుషులు అడ్డంగా సాగిపోతారు. 16:9లో పెట్టి, రెండు పక్కలా నల్ల పట్టీలను అలాగే ఉండనివ్వండి. మోషన్ స్మూతింగ్ కూడా ఆపేయండి. అది పాత వీడియోలో లేని ఫ్రేములు కల్పించి, వేగంగా కదిలే చేతులూ కాళ్లూ అలికేసినట్టు చూపిస్తుంది.

ఇక అసలు ఇబ్బంది, వెతకడం. ఇక్కడ మ్యాచ్ విడిగా దొరకదు, షో మొత్తం ఒకే వీడియో. కంపెనీ సొంత స్ట్రీమింగ్ సర్వీసు, పాత డబ్ల్యూడబ్ల్యూఈ నెట్‌వర్క్‌లో టైమ్‌లైన్ మీద మ్యాచ్ మ్యాచ్‌కీ గుర్తు ఉండేది, నొక్కితే నేరుగా అక్కడికి వెళ్లేవాళ్లం. ఆ సౌకర్యం పోవడం పాత అభిమానికి పెద్ద లోటే. రెజ్లర్ పేరుతో కాకుండా షో పేరుతో వెతకాలి, మ్యాచ్ ఎన్నోదో ముందే తెలిసి ఉండాలి. తెలుగు కామెంటరీ లేదు. పెద్ద షోలలాగే వారం వారం వచ్చిన పాత ఎపిసోడ్లు కూడా వరసగా దొరుకుతాయని నమ్ముకుని డబ్బు కట్టకండి. మీకు కావలసిన షో పేరు, సంవత్సరం, పక్కన నెట్‌ఫ్లిక్స్ అని గూగుల్‌లో కొడితే లాగిన్ లేకుండానే ఆ పేజీ తెరుచుకుంటుంది. ఉందో లేదో అక్కడ చూసుకున్నాకే కట్టండి.

మొదట చూడాల్సింది రెసిల్‌మేనియా 3. 1987 మార్చి 29, పాంటియాక్ సిల్వర్‌డోమ్. కంపెనీ చెప్పిన జనం లెక్క 93,173. ఆ అంకె మీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి కానీ స్టేడియం నిండిందన్నది కళ్లకు కనబడుతూనే ఉంటుంది. పన్నెండు మ్యాచ్‌లలో తొమ్మిదోది రాండీ సావేజ్, రికీ స్టీంబోట్‌ల ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ మ్యాచ్. పావుగంట కూడా ఉండదు, కానీ ఒక్క క్షణం వృథా కాదు. "పాత రెజ్లింగ్ అంటే ఇదీ" అని అందరూ చూపించే ఈ మ్యాచ్, నిజానికి ఆ కాలపు పద్ధతికి ఎదురు నడిచింది. అప్పట్లో ముగింపు ఒక్కటీ ముందే అనుకుని, మిగతాదంతా జనం ఊపును బట్టి రింగులోనే ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటూ నడిపేవారు. సావేజ్ మాత్రం ప్రతి కదలికనూ కాగితం మీద రాసి, అంకెలు వేసి, స్టీంబోట్‌తో కలిసి బట్టీపట్టాడు. ఇప్పుడు టీవీలో చూసే పెద్ద మ్యాచ్‌లన్నీ ఆ కాగితం దారిలో వచ్చినవే.

పాత పద్ధతి చూడాలంటే అదే షోలో చివరిదైన హోగన్, ఆంద్రేల మ్యాచ్ చూడాలి. భారీకాయుడు ఆంద్రే అప్పటికే వెన్ను ఆపరేషన్ చేయించుకున్నాడు, బట్టల కింద పట్టీ కట్టుకుని దిగాడు, సరిగా కదల్లేడు. అయినా పన్నెండు నిమిషాలు జనం కళ్లు తిప్పుకోలేదు. మొదట్లోనే హోగన్ అతన్ని ఎత్తబోయి, బరువు ఆపలేక కింద పడతాడు, పిన్ (భుజాలు నేలకానించి మూడు లెక్కపెడితే ఓటమి) అయిపోయినంత పనవుతుంది. ఆ తర్వాత మ్యాచ్ అంతా ఒకే ప్రశ్న: ఎత్తగలడా? చివర్లో ఎత్తినప్పుడు స్టేడియం ఊగిపోయింది. అంతకుముందు 1980లో షే స్టేడియంలోనే హోగన్ ఆంద్రేని ఎత్తి పడేశాడు. కానీ ఎవరూ ఎత్తలేదని జనాన్ని నమ్మించారు, జనం నమ్మారు. ఒక్క బాడీ స్లామ్‌తో అంత పని చేయించుకోగలగడమే ఆ కాలపు గొప్పతనం.

ఇప్పుడు తగ్గిపోయింది ఆ పొదుపే. జేక్ రాబర్ట్స్ డీడీటీ (ఎదుటివాడి తల చంకలో బిగించి నేలకేసి కొట్టడం) వేశాడంటే మ్యాచ్ అయిపోయినట్టే. ఈరోజు అదే డీడీటీ మ్యాచ్ మధ్యలో వచ్చిపోయే మామూలు దెబ్బ. షాన్ మైకేల్స్ ఒక్క కిక్‌తో ముగించేవాడు, ఇప్పుడు ఒకే మ్యాచ్‌లో నాలుగైదు సార్లు పడుతుంది. 1991లో రెసిల్‌మేనియా 7 చూస్తే తేడా తెలుస్తుంది. సావేజ్ టాప్ రోప్ మీద నుంచి వరసగా ఐదు ఎల్బోలు వేసినా అల్టిమేట్ వారియర్ భుజం లేపుతాడు, జనం నమ్మలేకపోతారు. ఫినిషర్ (మ్యాచ్ ముగించే దెబ్బ) నుంచి తప్పించుకోవడం అరుదు కాబట్టే ఆ అరుపులు. ఇప్పటి మెయిన్ ఈవెంట్‌లో మూడు ఫినిషర్లు వృథా అయ్యాక నాలుగోదాన్నీ ఎవరూ నమ్మరు.

తర్వాత 1997 మార్చి నాటి రెసిల్‌మేనియా 13, ఐదో మ్యాచ్. బ్రెట్ హార్ట్, స్టీవ్ ఆస్టిన్, రిఫరీగా కెన్ షామ్‌రాక్. నెత్తురు కారుతున్నా ఆస్టిన్ ఓటమి ఒప్పుకోడు, షార్ప్‌షూటర్ అనే కాళ్ల పట్టులోనే స్పృహ తప్పుతాడు. మంచివాడిగా దిగిన బ్రెట్ చెడ్డవాడిగా, చెడ్డవాడిగా దిగిన ఆస్టిన్ హీరోగా బయటికి నడుస్తారు. ఒకే మ్యాచ్‌లో ఇద్దరినీ ఇంత శుభ్రంగా మార్చిన సందర్భం మళ్లీ రాలేదని నా గట్టి నమ్మకం.

పాతదంతా బంగారమేమీ కాదు. 1999 రాయల్ రంబుల్‌లో చేతులకు బేడీలున్న మ్యాన్‌కైండ్ అనే రెజ్లర్ తల మీద ద రాక్ కుర్చీతో వరసగా కొట్టడం ఇప్పుడు చూడలేం. పక్కన పిల్లలుంటే అసలు పెట్టకండి. 2010లో తల మీద కుర్చీ దెబ్బల్ని నిషేధించడం కంపెనీ తీసుకున్న అత్యంత మంచి నిర్ణయం. ఆడవాళ్ల మ్యాచ్‌లు అప్పట్లో నాలుగైదు నిమిషాల్లో ముగించేసేవారు. 2019 రెసిల్‌మేనియాలో చివరి మ్యాచ్ వాళ్లదే. కెమెరా పని కూడా మెరుగైంది. ఏళ్ల తరబడి ప్రతి దెబ్బకీ షాట్ మార్చి, కెమెరా ఊపి, దెబ్బ ఎక్కడ తగిలిందో కనపడకుండా చేసిన పద్ధతి, 2023 చివర్లో ప్రొడ్యూసర్ కెవిన్ డన్ వెళ్లిపోయాక బాగా తగ్గింది. బదులుగా రింగ్ మ్యాట్ మీద ప్రకటనలు వచ్చాయి. 1987 నాటి ఖాళీ మ్యాట్ చూశాక అవి కళ్లకు గుచ్చుకుంటాయి.

ఇంకో హెచ్చరిక. ఈసీడబ్ల్యూ అనే మరో రెజ్లింగ్ కంపెనీ పాత షోలు ఎక్కడ చూసినా ఎంట్రీ పాటలు వేరేగా వినపడవచ్చు. అప్పట్లో వాడిన రాక్ పాటల హక్కులు లేక కొత్త సంగీతం అతికించారు. శాండ్‌మన్ అనే రెజ్లర్ జనంలోంచి నడిచొచ్చేటప్పుడు ప్రేక్షకులు పాడే పాట ఒకటి, మనకు వినపడేది ఇంకొకటి. దానికి మీ సౌండ్ సిస్టమ్‌లో మందు లేదు.

అసలు డబ్బు కట్టడం ఇష్టం లేకపోతే యూట్యూబ్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లదే వాల్ట్ అనే ఛానెల్ ఉంది. ఉచితం, పాత మ్యాచ్‌లు పూర్తిగా పెడుతున్నారు, మ్యాచ్ పేరుతోనే వెతకొచ్చు. ఒకటీ అరా చూసేవాళ్లకి అది చాలు. షో మొదటి నుంచి చివరి దాకా, అప్పటి కామెంటరీతో చూడాలంటే మాత్రం బేసిక్ ప్లాన్ ఒక నెలకు తీసుకోండి. కట్టిన రోజే క్యాన్సిల్ నొక్కేసినా బిల్లు నెల పూర్తయ్యేదాకా ఆడుతుంది. రెసిల్‌మేనియా 3తో మొదలుపెట్టి 7, 10, 13 వరసలో చూడండి. 10లో షాన్ మైకేల్స్, రేజర్ రామన్‌ల నిచ్చెన మ్యాచ్ దాటేయకండి.