అవిశ్వాసులకు రక్షణ ఉందా? కతోలిక సత్యోపదేశ గ్రంథం ఎంతవరకు జవాబిస్తుంది

క్రీస్తును నమ్మనివాళ్లు రక్షణ (పాపం నుంచి విడుదల, నిత్యజీవం) పొందుతారా అన్నదానికి కతోలిక శ్రీసభ, అంటే కతోలిక చర్చి, అధికారిక జవాబు కావాలంటే 1992లో రెండవ జాన్ పాల్ పోపు వెలువరించిన సత్యోపదేశ గ్రంథం (కాటెకిజం, శ్రీసభ బోధనల సంకలనం) చూడాలి. మొత్తం 2865 పేరాలు. అన్నిటికీ వరుస సంఖ్యలున్నాయి కాబట్టి ఏ భాషలో కొన్నా ఒకే సంఖ్య దగ్గర ఒకే విషయం దొరుకుతుంది, వాదనలో ఇది చాలా అక్కరకొస్తుంది. లాటిన్ అధికారిక పాఠం 1997లో వచ్చింది, దాని ప్రకారం సవరించిన ముద్రణే తీసుకోండి.

చిక్కల్లా, జవాబు ఒకచోట లేదు. చాలామంది నేరుగా 846వ పేరాకి వెళ్తారు. "శ్రీసభ వెలుపల రక్షణ లేదు" అన్న పాత వాక్యం అక్కడుంది. అంతటితో పుస్తకం మూసేస్తే క్రైస్తవేతరులంతా నశిస్తారని తేలుతుంది. కానీ ఆ పేరా హెచ్చరిస్తున్నది శ్రీసభను క్రీస్తు ద్వారా దేవుడే స్థాపించాడని, అది అవసరమని తెలిసి కూడా చేరనివాళ్లను, చేరి నిలవనివాళ్లను. తమ తప్పు లేకుండా క్రీస్తును ఎరగనివాళ్ల సంగతి 847 చెబుతుంది: దేవుణ్ణి నిష్కపటంగా వెదకుతూ, కృప ప్రేరణతో, మనస్సాక్షి చూపినట్టు నడుచుకుంటే వాళ్లూ నిత్యరక్షణ పొందగలరు. ఇది అవకాశమే గాని హామీ కాదు. మంచివాడైతే చాలు, ఏ మతమైనా ఒకటే అని దీన్ని చదవడం రెండో పొరపాటు. అందుకే 848ని వదలకూడదు, సువార్త ప్రకటించే బాధ్యత శ్రీసభకు అలాగే ఉందని అది చెబుతుంది.

ఆ మూడూ అయ్యాక 1257 నుంచి 1260 వరకు చదవండి. దేవుడు రక్షణను జ్ఞానస్నానానికి (బాప్తిస్మానికి) ముడిపెట్టాడు, తాను మాత్రం తన సంస్కారాలకు (జ్ఞానస్నానం వంటి పవిత్ర కర్మలకు) కట్టుబడి లేడు అంటుంది 1257. మొత్తం వాదనకు ఇరుసు ఇదే. జ్ఞానస్నానం లేకుండా విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్లు 1258లో, దానికి సిద్ధపడుతూ చనిపోయినవాళ్లు 1259లో, సువార్త ఎరగకపోయినా సత్యాన్ని వెదికినవాళ్లు 1260లో ఉన్నారు. తర్వాత వెనక్కి వచ్చి 843, 844 జంటగా చూడాలి. ఇతర మతాల్లోని మంచిని సువార్తకు సన్నాహమని మొదటిది మెచ్చుకుంటే, మనుషులు మోసపోయి అసత్యాన్ని పట్టుకునే ప్రమాదాన్ని రెండోది చూపుతుంది.

అసలు లోటు నాస్తికుల విషయంలో. 847 ఉటంకించింది 1964 నాటి రెండవ వాటికన్ మహాసభ (కతోలిక బిషప్పుల సర్వసభ) పత్రం 'లూమెన్ జెంతియుమ్' 16వ భాగాన్ని. అందులో వెనువెంటనే, తమ తప్పు లేకుండా దేవుణ్ణి ఇంకా స్పష్టంగా తెలుసుకోలేకపోయినా మంచిగా బతకడానికి పాటుపడేవాళ్లకు కూడా దేవుడు కావలసిన సాయం నిరాకరించడని ఉంది. ఈ ప్రశ్నకు అంత ముఖ్యమైన వాక్యం 847లో లేకపోవడం పెద్ద వెలితి. మూల పత్రం దగ్గర పెట్టుకుని చదవక తప్పదు.

సువార్త విన్నాడు, నిజాయితీగా ఆలోచించాడు, నమ్మకం కుదరలేదు. అలాంటి మనిషి గురించి సూటిగా చెప్పే పేరా ఈ గ్రంథంలో కనబడదు. 1790 నుంచి 1793 వరకు, ఆపైన 2125 కలిపి చూసుకోవాలి. సత్యం తెలుసుకోవడానికి పట్టించుకోనివాడి అజ్ఞానం అతని దోషమే, తప్పించుకోలేని అజ్ఞానమైతే ఆ తప్పు అతనికి అంటదు. నాస్తికత్వం పాపమే అయినా ఉద్దేశాన్ని, పరిస్థితులను బట్టి దాని బాధ్యత బాగా తగ్గవచ్చు.

దీన్ని క్రైస్తవులందరి జవాబుగా ఎవరికీ చూపించకండి. చాలామంది ప్రొటెస్టంట్లు రోమా 10:9–17 మీద నిలబడి, వినకుండా విశ్వాసం ఎలా కలుగుతుందని అడుగుతారు. 1640ల నాటి ప్రొటెస్టంట్ విశ్వాస ప్రకటన, వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం 10వ అధ్యాయమైతే, వాక్య పరిచర్య (బైబిలు బోధ) ద్వారా పిలుపు అందుకోలేని స్థితిలో ఉన్న ఎన్నికైనవారికి, అంటే రక్షణకు దేవుడు ఎంచుకున్నవారికి, చోటిచ్చి, క్రైస్తవ మతాన్ని ఒప్పుకోనివాళ్లు సహజ జ్ఞానాన్ని బట్టి ఎంత శ్రద్ధగా బతికినా రక్షణ లేదంటుంది.