డాక్టరు గారుంటే ఒక లెక్క, లేకపోతే ఇంకో లెక్క

2019 నుంచి మా లియోని, ఆ తర్వాత ఇంటికి చేరిన మల్లిని చూపిస్తున్న క్లినిక్ ఇది. లియో ల్యాబ్రడార్, మల్లి వీధి పిల్లి. విజయవాడలో మా పేటలోనే, రెండు షట్టర్ల గది. పేరు రాయడం లేదు. రాస్తే రేపు పొద్దున వాళ్ల ముఖం చూడాలి కదా, ఆ గొడవ నాకొద్దు. పైగా ఇలాంటి క్లినిక్ దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. ఒకే డాక్టరు, ఇద్దరు కుర్రాళ్లు, ముందు గదిలో ఫుడ్ ప్యాకెట్లు, బెల్టులు, వెనక గదిలో స్టీలు టేబుల్. దీని గురించి అడిగితే సగం మంది దండం పెడతారు, సగం మంది తిట్టిపోస్తారు. ఇన్నేళ్లు తిరిగాక తెలిసిందేమిటంటే, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వెళ్లిన టైముకి డాక్టరు గారు ఉన్నారా లేరా అన్న దగ్గరే తేడా అంతా.

ఆయన పశుసంవర్ధక శాఖలో చేసి రిటైరయ్యారు. గేదెలకూ ఎడ్లకూ వైద్యం చేసి వచ్చిన మనిషికి ముప్పై కిలోల ల్యాబ్ ఒక లెక్కా! "ఏరా, ఏంటి కథ?" అంటూ ఒక చేత్తో మెడ కింద పట్టుకుంటారు, రెండో చెయ్యి అప్పటికే పొట్ట తడుముతూ ఉంటుంది. మన మాట పూర్తయ్యేదాకా మందుల చీటీ ముట్టుకోరు.

ఒక వర్షాకాలం లియో అన్నం మానేశాడు. అజీర్తి అయ్యుంటుంది, రేపటికి సర్దుకుంటాడని మా వారన్నారు. క్లినిక్‌లో జ్వరం చూస్తే 104. (కుక్కకు 101 నుంచి 102.5 దాకా మామూలే. మన 98.6తో పోల్చుకుని టెన్షన్ పడేవాళ్ల కోసం చెబుతున్నా.) డాక్టరు గారు పై పెదవి ఎత్తి చిగుళ్లు చూపించారు, పాలిపోయి ఉన్నాయి. పొట్ట కింద వెంట్రుకలు పక్కకు తీసి "ఇక్కడ చూడమ్మా" అన్నారు. చర్మం కింద సన్నటి ఎర్రటి చుక్కలు. ఆ తర్వాత చెవి మడతలోకి వేలు పోనిచ్చి పెసర గింజంత పిడుదును పట్టి తీశారు. ల్యాబ్ రిపోర్టు రాకముందే "టిక్ ఫీవరే" అన్నారు. రిపోర్టులో ప్లేట్‌లెట్లు లక్ష లోపే ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు రెండు లక్షలకు తగ్గకూడదట. ఎర్లీషియా అని తేలింది, పిడుదు కాటుతో అంటే జబ్బు. డాక్సీసైక్లిన్ మాత్రలు 28 రోజులు, కడుపులో ఏదైనా పడ్డాకే వేయాలి, లేకపోతే కక్కేస్తాడన్నారు. "మూడు నాలుగు రోజుల్లో లేచి గెంతుతాడు, అప్పుడు మీరంతా మాత్రలు ఆపేస్తారు. ఆపొద్దు" అని రెండుసార్లు చెప్పారు. కుక్క ఒంటికి మందు రాసి ఊరుకుంటే లాభం లేదని, పిడుదులు గోడ పగుళ్లలో, సోఫా సందుల్లో గుడ్లు పెడతాయని, ఇల్లు కూడా శుభ్రం చేయించమని చెప్పింది కూడా ఆయనే. అంతకుముందు చూపించిన చోట ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. వాళ్లు నెలనెలా మందు అమ్ముకున్నారంతే.

టీకాల విషయంలోనూ ఆయన పక్కా. వయల్ మీది స్టిక్కర్ ఒలిచి మన పుస్తకంలో అతికిస్తారు, ఎక్స్‌పైరీ చూపించి సంతకం పెడతారు. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి ఫ్రిజ్‌లో థర్మామీటర్ పెట్టారు, దానికి విడిగా ఇన్వర్టర్ ఉంది. మే నెల బెజవాడలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో తెలిసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. వీధికుక్కలకు అన్నం పెట్టే కాలేజీ పిల్లలు వస్తే, జూలై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకు అంటే జబ్బుల దినం) నాడు గవర్నమెంటు పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, అక్కడికి తీసుకెళ్లండని తనే చెప్పి పంపిస్తారు. వచ్చిన బేరం వదులుకునే డాక్టర్లు ఎంతమంది ఉంటారు?

ఇక రెండో లెక్క.

ఒక ఏడాది మే నెల. ఇంట్లో నూజివీడు రసాల బుట్ట ఉంది. లియో చెత్తడబ్బా పడదోసి టెంకలు నాకుతుంటే పనమ్మాయి చూసి తరిమింది. రాత్రి తొమ్మిది దాటాక వాంతులు మొదలయ్యాయి. క్లినిక్ బోర్డు మీద '24 గంటలు' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. వెళితే షట్టర్ సగం దించి ఉంది, లోపల హెల్పర్ కుర్రాడు ఒక్కడే. డాక్టరు గారు పెళ్లికి భీమవరం వెళ్లారట, ఫోన్ కలవడం లేదు. ఆ కుర్రాడే వాంతులకి ఇంజక్షన్ చేసేసి చీటీ ఇచ్చాడు. దాని మీద 'ఇంజ. 450' అని మాత్రమే ఉంది. ఏ మందో, ఎంత డోసో లేదు. టెంకల సంగతి చెబితే "ల్యాబ్‌లు అన్నీ తింటాయి మేడమ్, ఏం కాదు" అన్నాడు.

వాంతులు ఆగాయి. అసలు ప్రమాదం అక్కడే ఉంది. పేగులో ఏదైనా అడ్డం పడ్డప్పుడు వాంతులు ఆపేస్తే కుక్క ఒక పూట బాగానే కనిపిస్తుంది, లోపల అడ్డం ఎక్కడికీ పోదు. మర్నాడు మధ్యాహ్నం డాక్టరు గారు భీమవరం నుంచి సరాసరి వచ్చారు, మెడలో కండువా కూడా తీయలేదు. పొట్ట మీద చెయ్యి వేసి, కాసేపు ఆగి, "టెంక మింగాడమ్మా" అన్నారు. నిన్న ఏం మందు వేశావని కుర్రాణ్ని అడిగితే వాడు చెత్తబుట్టలో ఖాళీ సీసా కోసం వెతకడం మొదలుపెట్టాడు. దొరకలేదు. ఆయన అప్పటికప్పుడు ఉత్తరం రాసి గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు పంపారు. ఎక్స్‌రే అక్కడే, ఆపరేషన్ అక్కడే. టెంక బయటికొచ్చింది, లియో బతికాడు. కుట్లు విప్పేదాకా డాక్టరు గారు సాయంత్రం పూట ఫోన్ చేసి నీళ్లు తాగుతున్నాడా, విరేచనం అయిందా అని అడుగుతూనే ఉన్నారు. ఆ కుర్రాడికి మా ఎదుటే చీవాట్లు పెట్టారు కూడా.

బోర్డు మాత్రం మారలేదు. ఈ రోజుకీ '24 గంటలు' అనే ఉంది. నా కోపం కుర్రాడి మీద కన్నా ఆ బోర్డు మీదే ఎక్కువ. జంతువులకు వైద్యం చేయాల్సింది రిజిస్టరైన పశువైద్యులేనని 1984 నాటి చట్టమే చెబుతోంది. డాక్టరు లేనప్పుడు షట్టర్ పూర్తిగా దించేస్తే ఆ రాత్రే గన్నవరం నంబరు వెతుక్కునేవాళ్లం.

నాకు అంతకంటే భయం వేసేది ముందు గదిలో బెంచీ. పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే విరేచనాల అంటురోగం) వచ్చిన కుక్కపిల్లలకు డ్రిప్ పెట్టేదీ అక్కడే, మొదటి టీకాకి వచ్చిన ఆరు వారాల పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేదీ అక్కడే. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్‌కి లొంగదు, బ్లీచింగ్ కలిపిన నీళ్లు కావాలి. వీళ్లు కొట్టేది ఫినాయిలే, వాసన గుప్పుమంటుంది. ఇక్కడ పరిచయమైన ఒక ఇంజనీరింగ్ కుర్రాడు బీగిల్ పిల్లకు మొదటి టీకా వేయించుకు వెళ్లాడు. వారం తిరక్కుండా రక్త విరేచనాలతో మళ్లీ తెచ్చాడు. ఇక్కడే అంటుకుందని రుజువు చేయలేం, పెంపకందారు దగ్గరి నుంచే వచ్చి ఉండొచ్చు. ఆ పిల్ల దక్కలేదు. బెంచీ బ్లీచింగ్‌తో కడిగించండి సార్ అని నేను చెప్పాను. కొన్నాళ్లు కడిగారు. మళ్లీ మామూలే. చిన్న కుక్కపిల్లలున్నవాళ్లు లోపలికి పిలిచేదాకా ఆటోలోనో బండి మీదో కూర్చోండి, టీకాలన్నీ అయ్యేదాకా నేల మీద దించకండి.

మా పక్కింటి పిన్ని గారు ఈ క్లినిక్ పేరెత్తితే మండిపడతారు. ఆవిడ పర్షియన్ పిల్లికి ఒంట్లో బాగోక ఫోన్ చేస్తే, ఎత్తినవాడెవడో పారాసిటమాల్ చిన్న ముక్క వేయమన్నాడట. అదృష్టం కొద్దీ ఆవిడ వేయలేదు. పిల్లులకు పారాసిటమాల్ విషం, చిన్న ముక్క కూడా చంపేయగలదు. ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఉండే రిటైర్డు మాస్టారు మాత్రం డాక్టరు గారిని దేవుడంటారు. ఆయన ముసలి పొమేరియన్ నీళ్లు తెగ తాగుతుంటే అందరూ షుగరన్నారట. డాక్టరు గారు దాని గర్భసంచిలో చీము పట్టిందని అనుమానించి, తన దగ్గర స్కానింగ్ లేదని నిజం చెప్పి, అదే రోజు ఉన్నచోటికి పంపారు. మాస్టారు వెళ్లింది సాయంత్రం ఆరింటికి. పిన్ని గారు ఫోన్ చేసింది మధ్యాహ్నం రెండింటికి.

పిల్లుల సంగతి కొంచెం. మల్లికి ఆపరేషన్ ఇక్కడే చేయించాం, చక్కగా జరిగింది. ముందు రోజు రక్తపరీక్ష, రాత్రి నుంచి మేత బంద్, పది రోజులు మెడకు కోన్. కానీ పిల్లికీ కుక్కలకీ ఒకటే గది కావడంతో బుట్టలోనే వణికిపోయింది. బుట్ట మీద తువ్వాలు కప్పి తీసుకెళ్లండి.

డబ్బు విషయానికొస్తే, ఫీజు 200 నుంచి 400 అయింది, దానికి నాకేం బాధ లేదు. బిల్లు అడగందే ఇవ్వరు, "ఫోన్‌పే కొట్టండి మేడమ్" అంటారంతే. కౌంటర్ దగ్గర ఖరీదైన ఫుడ్ ప్యాకెట్ అంటగట్టబోతారు. డాక్టరు గారిని అడిగితే అన్నం, గుడ్డు, ఉడికించిన చికెన్ చాలు, ఉల్లిపాయ పడకుండా చూసుకోమంటారు. ఒకే కప్పు కింద రెండు మాటలు!

ఇప్పటికీ అక్కడికే వెళుతున్నాం. సాయంత్రం అయిదున్నర నుంచి ఎనిమిది మధ్య మాత్రమే. ముందు ఫోన్ చేసి సార్ ఉన్నారా అని అడుగుతాను. "ఉన్నారు" అంటే బయల్దేరొచ్చు. "దారిలో ఉన్నారు మేడమ్, మీరు వచ్చేయండి" అంటే సారు ఇంకా ఇల్లు కదల్లేదని అర్థం. ఏ ఇంజక్షన్ చేసినా మందు పేరు, డోసు పుస్తకంలో రాయించుకుంటాను, విసుక్కున్నా సరే. రాత్రి పూట ఏదైనా అయితే ఆ వీధి వైపే తిరగం.