నల్ల తెర ముందు సాయం అడిగితే: ఆరేళ్ల అనుభవం

గ్రాఫిక్స్ కోడింగ్ నేర్చుకుంటూ ఆరేళ్లుగా నాలుగైదు ప్రోగ్రామర్ల కమ్యూనిటీల్లో ఉంటున్నాను. మొదట్లో అడిగేవాణ్ణి, ఇప్పుడు ఎక్కువగా జవాబులు చెప్తున్నాను.

మామూలు ప్రోగ్రామ్‌లో తప్పు జరిగితే చాలాసార్లు ఎర్రర్ వస్తుంది, ఏ లైన్లోనో కూడా తెలుస్తుంది. ఇక్కడ వచ్చేది నల్ల తెర. షేడర్ (ఆకారాలూ రంగులూ ఎలా రావాలో గ్రాఫిక్స్ కార్డుకి చెప్పే చిన్న ప్రోగ్రామ్) కంపైల్ కాకపోయినా అదే, త్రిభుజం కెమెరా వెనక పడినా అదే, మాట్రిక్స్‌లో అడ్డు వరసలూ నిలువు వరసలూ తారుమారైనా అదే. షేడర్ ఫెయిలైందా అని మనం అడిగితే తప్ప, బొమ్మలు గీయడానికి వాడే లైబ్రరీ అయిన ఓపెన్‌జీఎల్ తనంతట తాను చెప్పదు. అందుకే "ఎర్రర్ ఏమొచ్చిందో పెట్టు" అనే మాట మిగతా చోట్ల న్యాయమే అయినా, ఇక్కడ కొత్తవాళ్ల నోరు నొక్కేస్తుంది.

నా మొదటి ప్రశ్నకు రెండు రాత్రులు పట్టింది. కోడ్ మొత్తం పెట్టి "త్రిభుజం కనిపించడం లేదు" అని రాశాను. ఒకరు "జీఎల్‌బిగిన్ ఇంకా వాడుతున్నావా?" అన్నారు. నిజమే, ఒక్కో బిందువునీ విడిగా చెప్తూ గీసే ఆ పాత పద్ధతిని 2008లో ఓపెన్‌జీఎల్ 3.0 వెర్షన్‌లోనే పక్కన పెట్టారు. అయితే నేను చదివిన పాఠంలో ఆ సంగతి లేదు, ఆయనా అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఇంకొకరు ఓపెన్‌జీఎల్ తర్వాత వచ్చిన వల్కన్ నేర్చుకోమన్నారు. అందులో ఒక్క త్రిభుజానికే దాదాపు వెయ్యి లైన్లు రాయాలి! మూడోవారు ఇది పాత ప్రశ్నేనని మూసేశారు. వాళ్లు చూపించిన పాత ప్రశ్న టెక్స్చర్ల (ఆకారాల మీద అతికించే బొమ్మల) గురించి. చాలా బాధేసింది.

మర్నాడు వేరే చిన్న గుంపులో అడిగాను. అక్కడొకాయన కోడ్ జోలికే పోలేదు. "ముందు క్లియర్ కలర్, అంటే వెనక పరిచే రంగు, గులాబీకి మార్చండి, కిటికీ గులాబీ అయిందా?" అన్నారు. అయింది. "గీసిన తర్వాత జీఎల్‌గెట్‌ఎర్రర్ ఏమిస్తోంది?" అన్నారు, అది ఎర్రర్ ఏమైనా ఉందా అని అడిగే ఫంక్షన్. 1282 వచ్చింది. అంటే ఆ స్థితిలో ఆ పని కుదరదని. ఒక పాఠం చూసి, పాత పద్ధతులు తీసేసిన 3.3 కోర్ ప్రొఫైల్ తెరిచాను, ఇంకో పాఠంలోంచి పాత పద్ధతి తెచ్చి అందులో పెట్టాను. మొదటాయన పట్టుకున్నది సరైన చోటే, వివరంగా ఒక్క వాక్యం చెప్పుంటే సరిపోయేది.

బొమ్మ పెట్టి అడిగితే మాత్రం ఏ కమ్యూనిటీ అయినా బాగా స్పందిస్తుంది. రెండు ఉపరితలాల మధ్య చారలు మినుకుమినుకుమంటుంటే, నియర్ ప్లేన్ (కెమెరాకి అంతకన్నా దగ్గరున్నవి గీయని హద్దు) మరీ దగ్గరగా పెట్టారేమోనని అనుభవం ఉన్నవాళ్లు చూడగానే అడుగుతారు. ఒక ఫ్రేమ్‌ని పట్టి, ఏ డ్రా కాల్ (గీయమనే ఆదేశం) ఏం గీసిందో చూపించే రెండర్‌డాక్ అనే ఉచిత టూల్‌ని నాకు పరిచయం చేసింది కూడా వీళ్లే. నా దృష్టిలో ఇన్నేళ్లలో దొరికిన అతి పెద్ద సాయం అదే.

జవాబులు చెప్పేవాళ్ల విసుగూ నాకు తెలుసు. ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో, ఆరువందల లైన్ల కోడ్, పైన "హెల్ప్" అనే ఒక్క మాట. రోజూ చూస్తే ఎవరికైనా ఓపిక పోతుంది. ఆ విసుగు కొత్తవాళ్ల మీద చూపిస్తే వాళ్లు మళ్లీ రారు.

పోయిన నెల ఒకమ్మాయి సరిగ్గా అలాగే అడిగింది. అప్పటికే ఇద్దరు కసురుకున్నారు. గులాబీ రంగు పెట్టి చూడమన్నాను. "మారలేదండీ" అంది. గీసిన బొమ్మను తెర మీదికి తెచ్చేది బఫర్లు స్వాప్ చేసే లైను. అది చూడమంటే, ప్రతి ఫ్రేమ్‌కీ తిరిగే లూప్ బయట ఉండిపోయింది. లోపలికి జరిపి, గులాబీ కిటికీ మధ్యలో తెల్ల త్రిభుజం ఉన్న బొమ్మ పంపింది.