బాదం లేకుండా స్పెయిన్‌లో పదిరోజులు

మా చిన్నాడికి పదేళ్ళు. బాదం, జీడిపప్పు, పిస్తా, వాల్‌నట్, హేజెల్‌నట్ ఏదీ పడదు, పల్లీలూ పడవు. నాకేమో రొయ్యలు, పీతలు పడవు. ఇలాంటి మేం అక్టోబరు సెలవులకి స్పెయిన్ వెళ్తున్నామంటే లండన్‌లో ఉండే మా పిన్ని కూతురు ఫోన్లోనే నవ్వింది. "వాళ్ళు గ్రేవీలో బాదం నూరతారు, అన్నంలో రొయ్యలు గుచ్చుతారు. మీరేం తింటారే అక్కడ?" అంది. ఆ మాట సగం నిజం. ఆ సగం ఎక్కడెక్కడుందో వెతుక్కుంటూ తిరిగిందే మా ప్రయాణం.

మేం నలుగురం. మా ఆయన, నేను, చిన్నాడు, మండపేట నుంచి వచ్చి మూడు నెలలుగా మా దగ్గరే ఉంటున్న అత్తయ్య. ఆవిడ శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. "మా రోజుల్లో ఈ పడకపోవడాలు ఎక్కడివమ్మా" అంటూనే, పల్లీలు తగలని మిక్సీ జార్లో ప్రత్యేకంగా కందిపొడి కొట్టి డబ్బాలో సర్దారు. హ్యాండ్‌బ్యాగులో అలర్జీ ముదిరితే పిల్లాడికి పొడిచే అడ్రినలిన్ సూది పెన్నులు రెండు, అలర్జీ మాత్రలు, డాక్టరు ఉత్తరం, మాకేవి పడవో స్పానిష్‌లో రాయించుకున్న కార్డు.

ఆ కార్డు రాయించేటప్పుడే ఒక సంగతి తెలిసి ముచ్చటేసింది. మన స్వీటు షాపులో "డ్రై ఫ్రూట్స్" అంటే కిస్‌మిస్‌తో పాటు జీడిపప్పు, బాదం కూడా అని ఎవరైనా చెప్తారు. స్పానిష్‌లోనూ అంతే. "ఫ్రూతోస్ సేకోస్" అంటే అక్షరాలా ఎండు పళ్ళు, వాడకంలో మాత్రం బాదం, జీడిపప్పు, హేజెల్‌నట్. ఇంగ్లిష్ వాళ్ళు ఈ మాట దగ్గర బోల్తా పడతారు, మనకి ఆ ఇబ్బంది లేదు. కాకపోతే ప్యాకెట్ల మీద "ఫ్రూతోస్ దె కాస్కరా" అని రాస్తారు, పల్లీలని విడిగా "కకవేతె" అంటారు. ఈ మూడు మాటలూ పిల్లాడి చేత కంఠస్థం చేయించాం. ఎక్కాలకన్నా తొందరగా వచ్చాయి.

చట్టం సంగతి ఒక్కసారి చెప్పేస్తాను. యూరోపియన్ యూనియన్‌లో 14 రకాల అలర్జీ పదార్థాలు ఉన్నాయా లేదా అన్నది హోటళ్ళు కూడా చెప్పితీరాలి. 2014 డిసెంబరు నుంచి ఈ నియమం ఉంది. స్పెయిన్‌లో దాన్ని నోటిమాటగానూ చెప్పొచ్చు, కానీ అడిగితే చూపించడానికి రాతలో ఉండాలి. అందుకని "కార్తా దె అలేర్హెనోస్", అలర్జీల పట్టిక, అని అడిగితే చాలాచోట్ల కౌంటరు కింద నుంచి నూనె మరకల ఫైలొకటి బయటికొస్తుంది. అది తెచ్చివ్వడానికి ముఖం చిట్లించిన చోట మేం కూర్చోలేదు. పదిరోజుల్లో అలా లేచొచ్చేసినవి రెండే.

మొదట మాడ్రిడ్. అతోచా స్టేషన్‌కి దగ్గర్లో ఒక హోటల్లో దిగాం. గది బాగుంది, మంచాలు బాగున్నాయి, పొద్దున్న బఫేనే మాకు పనికిరాలేదు. ఓట్స్‌లో బాదం లాంటి పప్పులు కలిపిన ముస్లీ గిన్నెలోని గరిటె పెరుగు గిన్నెలో తేలుతూ కనబడింది. ఎవరో పెద్దాయన పాపం తెలియక చేసిన పని. సిబ్బంది వెంటనే గిన్నె మార్చారు, మేనేజరు వచ్చి మాట్లాడాడు, తప్పుపట్టడానికేం లేదు. కానీ నలుగురూ చెయ్యిపెట్టే చోట అలర్జీ పిల్లాడికి ప్లేటు నింపడం నా గుండెకి పడదని అప్పుడే తేలిపోయింది. రెండో రోజు నుంచి పొద్దున్నకి సూపర్‌మార్కెట్ రొట్టె, టమాటాలు, ఆలివ్ నూనె. రొట్టె మీద టమాటా రుద్ది, నూనె పోసి, ఉప్పు జల్లుకోవడమే. అక్కడివాళ్ళ పొద్దుటి ఫలహారమూ అదే కాబట్టి ఏదో త్యాగం చేస్తున్నట్టు అనిపించలేదు. అత్తయ్య దాని మీద కందిపొడి వేసుకున్నారు. నేనూ వేసుకున్నాను. చాలా బాగుంది.

పొడుగ్గా జంతికల్లా నూనెలో వేయించే చుర్రోస్ పిండిలో ఉండేది గోధుమపిండి, నీళ్ళు, ఉప్పు. అవి కాల్చే నూనెలో ఇంకేం వేయిస్తారన్నదే ప్రశ్న. మేం వెళ్ళిన చిన్న కొట్టులో చుర్రోస్ తప్ప ఇంకేమీ వేయించరు. వాటితో నంచుకునే చాక్లెట్ గురించి అడిగితే కొట్టతను పొడి ప్యాకెట్టే తెచ్చి మా ముందు పెట్టాడు. కింద సన్న అక్షరాల్లో "త్రాసాస్ దె అవెయానా", అంటే హేజెల్‌నట్ ఆనవాళ్ళు ఉండొచ్చని. చిన్నాడు పంచదార అద్దుకుని తిన్నాడు, మేం వాడి ఎదుట చాక్లెట్ ముట్టలేదు.

తొలేదోకి రైల్లో అరగంటే. ఊరు అందమైనదే, కానీ ప్రతి కిటికీలోనూ బాదం ముద్దతో చేసిన మసపానే. కోట చూసి, వెంట తీసుకెళ్ళిన సాండ్‌విచ్‌లు నది ఒడ్డున తిని వచ్చేశాం.

తిండి పరంగా మూడు ఊళ్ళలోకీ రుచిగా ఉన్నదీ, నన్ను ఎక్కువ భయపెట్టిందీ సెవియా. అక్కడ వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. త్రియానా వంతెన దాటితే బజారు, కింద సూపర్‌మార్కెట్. ఆదివారం చాలా సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, శనివారమే కొనిపెట్టుకోవాలి. ఈ ముక్క మాకు ఎవరూ చెప్పలేదు, ఆదివారం పొద్దున్న గొళ్ళెం చూసి తెలుసుకున్నాం. గిన్నెలూ స్పాంజీ మార్చేశాం, అద్దెకిచ్చినావిడ ఏమీ అనలేదు. ఇలాంటి ప్రయాణానికి గది ఎంత చిన్నదైనా సొంత పొయ్యి ఉండడమే నాకు అయిదు నక్షత్రాలు.

సెవియాలో పాలకూర, కాబూలీ శనగలు కలిపి వండే కూర ఒకటుంది, "ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్". జీలకర్ర వాసన వీధిలోకి వస్తుంటే అత్తయ్య "ఇది మన కూరే" అని కాళ్ళు కదపలేదు. నాలుగు బల్లలున్న చిన్న కొట్టు. తల్లి వండుతుంది, కూతురు వడ్డిస్తుంది. కార్డు చూపించాను. కూతురు చదివి, "నో, ఫ్రూతోస్ సేకోస్ ఏమీ లేవు" అంది. నమ్మకంగానే అంది. గిన్నె వచ్చింది, చిన్నాడు రొట్టె తుంచాడు. ఎందుకో నాకు మనసొప్పక, వాడి చెయ్యి పట్టుకుని, దీన్ని ఎలా చేస్తారని ఊరికే అడిగినట్టు అడిగాను. కూతురికి తెలియలేదు, తల్లిని పిలిచింది. ఆవిడ ఆప్రాన్‌కి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. వెల్లుల్లి. వేయించిన రొట్టె. జీలకర్ర. వెనిగర్. ఇదంతా రోట్లో నూరాలట. అయిదో వేలు మడుస్తూ "ఉనాస్ అల్మేంద్రాస్", కాసిని బాదం, అంది, అని ఆ వేలు అలాగే పట్టుకుని కూతురి వైపు చూసింది.

కూతురు అబద్ధం చెప్పలేదు. కూరలో ఏముందని అడిగితే పాలకూర, శనగలు అనే చెప్తారు. నూరిన ముద్ద వాళ్ళ లెక్కలో కూరలోకి రాదు, మన పోపు లాగా. పులిహోరలో ఏముందని ఎవరైనా అడిగితే చింతపండు, అన్నం అంటామా, పల్లీలు అని మొదట అంటామా? అందరూ బాదం వెయ్యరు, రొట్టెతోనే చిక్కబరిచేవాళ్ళూ ఉన్నారు. ఈవిడ వేస్తుంది. ఆ రోజు నుంచి "ఇందులో ఫలానాది ఉందా" అని అడగడం మానేసి, "ఎలా చేస్తారు, చిక్కదనం దేనితో వచ్చింది" అని అడిగాను. కతలోనియా వైపు ఈ నూరిన ముద్దని "పికాదా" అంటారు, అందులో బాదమో హేజెల్‌నట్టో ఉంటుంది. రొమెస్కో పచ్చడిలోనూ అంతే. కోడికూర "పెపితోరియా" అని ఉంటే బాదమే దాని ప్రాణం. మాలగా వైపు "ఆహోబ్లాంకో" అనే తెల్ల చల్లటి సూప్ మొత్తం బాదమే. దాని పక్కనే మెనూలో ఉండే కోర్దోబా వాళ్ళ "సాల్మొరేహో" టమాటా, రొట్టె, వెల్లుల్లి, నూనె. పైన చల్లే గుడ్డూ పందిమాంసం ముక్కలూ వద్దంటే అత్తయ్యకీ పనికొచ్చింది.

ఆ తల్లి మమ్మల్ని అలా పంపలేదు. ఒక పెనం మా కళ్ళముందే కడిగి, చిన్నాడికి బంగాళాదుంపలు వేయించి, మీద రెండు గుడ్లు వేసిచ్చింది. వాడు ఆ మర్నాడు కూడా అక్కడికే పోదామన్నాడు.

నా ముచ్చట అంత సాఫీగా జరగలేదు. మరో రోజు రాత్రి, నదికి దగ్గర్లో ఫొటోల మెనూ ఉన్న పెద్ద రెస్టారెంటు. ప్రతి వంటకం పక్కనా ఆ 14లో అందులో ఏవున్నాయో వాటి బొమ్మలు చక్కగా అచ్చేసి ఉన్నాయి. చికెన్ పక్కన రొయ్య బొమ్మ లేదు. ధైర్యంగా తిన్నాను. పది నిమిషాల్లో పెదాలు దురద, మెడ మీద దద్దుర్లు. లోపలికి తొంగిచూస్తే ఒకే ప్లాంచా, ఇనప పెనం, ఒక కొసన రొయ్యలు చిటపటలాడుతున్నాయి, ఇంకో కొసన చికెన్. మాత్ర వేసుకుని పక్క వీధిలో ఆకుపచ్చ శిలువ వెలుగుతున్న ఫార్మాసియాకి నడిచాం. అక్కడి అమ్మాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, అరగంట కళ్ళెదుటే ఉంచుకుంది. ఊపిరిలో ఏమాత్రం తేడా వచ్చినా 112కి కొట్టాలని మా ఆయనకి రెండుసార్లు చెప్పింది. ఆ అవసరం రాలేదు. రెస్టారెంటుని తిట్టుకున్నాను గానీ, ప్లాంచా గురించి నేనూ అడగలేదు. ఆ బొమ్మలు గిన్నెలో పడేవాటి సంగతి చెప్తాయి, పెనం సంగతి చెప్పవు.

సెవియాలో ఇంకొక్క ముచ్చట. మఠాల్లో సన్యాసినులు మిఠాయిలు చేసి అమ్ముతారు. మనకి మనిషి కనబడదు. గోడలో తిరిగే కొయ్య పీపా ఒకటి ఉంటుంది, తోర్నో అంటారు. గంట కొట్టి "అవె మరియా పురీసిమా" అంటే లోపల నుంచి జవాబొస్తుంది. డబ్బులు పెడితే పీపా తిరిగి డబ్బా వస్తుంది. మేం కార్డే పెట్టి తిప్పాం. కాసేపు నిశ్శబ్దం. తర్వాత కార్డుతో పాటు ఖాళీ డబ్బా ఒకటి తిరిగొచ్చింది, దాని లేబుల్ మీద ఒక వరుస కింద పెన్సిలుతో గీత గీసి ఉంది. మిఠాయి గుడ్డు పచ్చసొన, పంచదారే, కానీ బాదం ఆనవాళ్ళు ఉండొచ్చు. లోపలి గొంతు మెల్లగా "నో, ఈహో" అంది. వద్దు నాయనా అని. అంత మర్యాదగా కాదనిపించుకోవడం వాడికి నచ్చింది.

వాలెన్సియా చేరాక నాకు ప్రాణం కుదుటపడింది. వెడల్పు పెనంలో వండే అన్నం, పాయెయా, అంటే రొయ్యలనే అనుకుంటాం గదా, అసలు వాలెన్సియా పాయెయాలో రొయ్య ఉండదు. కోడి, కుందేలు, వెడల్పు చిక్కుళ్ళు, పెద్ద తెల్ల గింజలు, కుంకుమపువ్వు. అయినా ఎల్ పల్మార్‌లో, అల్బుఫేరా సరస్సు మధ్య పొలాల్లో, ఆ అన్నానికి ఏ నీళ్ళు పోస్తారని అడిగాను. కూరగాయల పాయెయాకి కూడా కొందరు చేపల రసం పోస్తారు. వీళ్ళు పొయ్యరు. ఆ ఊరి మరో వంటకం, పాముచేప పులుసు "ఆలీ పెబ్రే"లో మాత్రం బాదం ఉందని అడక్కుండానే చెప్పాడు వెయిటరు. పదిరోజుల్లో వాడొక్కడే. పాయెయా కనీసం ఇద్దరికి చేస్తారు కనక కూరగాయలది నేనూ అత్తయ్యా, కోడిది వాళ్ళిద్దరూ పంచుకున్నాం. అడుగంటిన మాడుకి "సొకర్రాత్" అని పేరు, అదే అసలు రుచంటారు. "మాడిందని నేను కొత్తకోడలప్పుడు తిట్లు తిన్నాను, వీళ్ళు పేరు పెట్టి వడ్డిస్తున్నారు" అని అత్తయ్య గరిటెతో గీకి మరీ తిన్నారు.

ఆఖరి రోజు మెట్రోలో అల్బొరాయా వెళ్ళాం, ఓర్చాతా అనే పానీయం కోసం. తెల్లగా, చల్లగా, అచ్చం బాదంపాలలా ఉంటుంది. ఆ రంగు చూసే నేను వద్దన్నాను. దాన్ని దేనితో చేస్తారో దాన్ని ఇంగ్లిష్‌లో టైగర్ నట్ అంటారు, పేరులోనే నట్ ఉందాయె. కానీ అది పప్పు కాదు, చూఫా అనే గడ్డి వేళ్ళకి కాసే చిన్న దుంప. కౌంటరు మీద గాజు సీసాలో ఎండు చూఫాలు పెట్టారు. అత్తయ్య ఒకటి తీసి, కళ్ళద్దాలు పైకి నెట్టి, గోటితో గీకి వాసన చూశారు. "ఇది తుంగగడ్డే! మా చేలో ఆడవాళ్ళని పెట్టి పీకించి పారేయించేవాళ్ళం" అన్నారు. దాదాపు నిజం. మన తుంగకి ఇది దగ్గరి చుట్టం, ఒకే ప్రజాతి.

కొట్టులో బాదం ఐస్‌క్రీమూ ఉంది, అందుకని నేను కార్డు కోసం బ్యాగులో చెయ్యి పెట్టాను. నా చెయ్యి బయటికి రాకముందే చిన్నాడు కౌంటరు దగ్గరికి వెళ్ళి, మునివేళ్ళ మీద నిలబడి, "కోమో సె అసె?" అన్నాడు. ఎలా చేస్తారు అని. ముసలాయన వాణ్ణి పక్కకి పిలిచి, చూఫాకి మాత్రమే వాడే మిల్లూ దాని పక్కన మూతపెట్టిన పీపా చూపించి, నానబెట్టడం దగ్గర్నుంచి చెప్పుకొచ్చాడు. సగం మాకు అర్థం కాలేదు. "చూఫా, నీళ్ళు, పంచదార, నాదా మాస్", ఇంకేమీ లేదు, అన్నది అర్థమైంది.

గ్లాసు నాకు చూపించి తాగాడు. పక్కన ఇచ్చే తీపి రొట్టె, ఫార్తోన్, వద్దన్నాడు, దాని ప్యాకెట్టు చూడలేదు గనక. రెండో గ్లాసు కూడా వాడే వెళ్ళి తెచ్చుకున్నాడు. అత్తయ్య అరకిలో చూఫాలు కొన్నారు, మండపేటలో ఎవరికి చూపించాలని కొన్నారో మాత్రం చెప్పలేదు.