అమావాస్య చూసుకుని ప్యూర్టో రికో

అమెరికాలో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్న మన కుటుంబాలకు కరీబియన్ అనగానే మొదట పట్టుకునే బెంగ, తిరిగి రావడానికి కావలసిన వీసా స్టాంపింగ్. ప్యూర్టో రికోకు ఆ బెంగ లేదు. అది అమెరికా భూభాగమే కాబట్టి న్యూజెర్సీ నుంచి దాని రాజధాని శాన్ హువాన్‌కు వెళ్లేది దేశీయ విమానం, అక్కడ చెల్లేదీ డాలరే. పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు చూపే పత్రం) మాత్రం వెంట ఉంచుకోండి. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు, పిల్లలతో కలిసి వెళ్లివచ్చాం.

డిసెంబరు నడిమి నుంచి ఏప్రిల్ దాకా వాతావరణం హాయిగా ఉంటుంది, గదుల ధరలు మాత్రం మండిపోతాయి. జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు తుపాన్ల కాలం. 2017లో దీవిని అతలాకుతలం చేసిన మరియా తుపాను వచ్చింది సెప్టెంబరులోనే. అయితే నన్ను అడిగితే నెల కన్నా ముందు తిథి చూడమంటాను. తూర్పు కొసన ఫహార్దో దగ్గర లగూనా గ్రాందే అనే ఉప్పునీటి మడుగు ఉంది. అందులోని సూక్ష్మజీవులు నీరు కదిలితే చాలు నీలికాంతి చిమ్ముతాయి. వెన్నెల ఉంటే ఆ కాంతి తేలిపోతుంది. పౌర్ణమి వారంలో వెళ్తే డబ్బు దండగ.

అమావాస్య నాడు ప్రయాణమేమిటని అత్తగారు ససేమిరా అన్నారు. అందుకని చతుర్దశికే దిగి, పాడ్యమి రాత్రికి పడవలు మాట్లాడుకున్నాం. విదియ, తదియలకు కూడా చంద్రుడు త్వరగానే అస్తమిస్తాడు, ఇబ్బంది ఉండదు.

మడ చెట్ల మధ్య సన్నటి కాలువలో, ముందు పడవకు కట్టిన చిన్న దీపమే గుర్తుగా తెడ్డు వేసుకుంటూ వెళ్లాలి. మడుగులోకి రాగానే మా అబ్బాయి చేయి ముంచి పైకెత్తాడు. మోచేతి మీదుగా నీలి చుక్కలు జారుతూ ఒక్కొక్కటే ఆరిపోయాయి. వాడు నోట మాట లేకుండా మళ్లీ మళ్లీ ముంచుతూనే ఉన్నాడు. ఫోనులో ఇది సరిగ్గా పడదు, ప్రయత్నించి సమయం పాడుచేసుకోకండి. తెడ్డు వేయలేని పెద్దవాళ్లకు చప్పుడు చేయని బ్యాటరీ పడవ ఉంది, అత్తగారు, మామగారు అందులోనే వచ్చారు. నీళ్లలో దిగి ఈదడం నిషేధం. దోమల మందు రాసుకున్న చేతులు కూడా ముంచకండి, ఆ జీవులకు అది విషం. వియెకెస్ దీవిలోని మడుగు ఇంతకన్నా ప్రకాశవంతమైనదే, కానీ ఫెర్రీ ఎక్కి వెళ్లి రాత్రి అక్కడే ఉండాలి. పెద్దవాళ్లతో ఫహార్దోయే మేలు.

బస విషయంలో నా అభిప్రాయం గట్టిది. మొదట శాన్ హువాన్‌లోని కొందాదో ప్రాంతంలో సముద్రం ఒడ్డునే ఉన్న పెద్ద హోటల్లో దిగాం. పన్ను, రిసార్టు రుసుము, పార్కింగ్ కలిసేసరికి చెప్పిన ధరకూ కట్టిన ధరకూ పొంతన లేదు. పైగా అక్కడ కెరటాల ఉద్ధృతికి పిల్లల్ని నీళ్లలో దించలేకపోయాం. తర్వాత ఫహార్దోకు దగ్గర్లోని లుకియో ఊళ్లో వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాక ప్రాణం లేచివచ్చింది. కొబ్బరిచెట్ల వరస ముందు సముద్రం చెరువులా నిలకడగా ఉంటుంది. ఏ ఇంట్లో దిగినా జనరేటర్ ఉందా అని ముందే అడగండి. అక్కడ కరెంటు కోతలు మామూలే.

వంటగది అవసరం తిండి దగ్గర తెలిసింది. అక్కడివాళ్ల ఇష్టమైన వంటకం పచ్చి కందులు వేసి వండిన అన్నం. కందులన్న మాట వినగానే మామగారి ముఖం వెలిగింది, కానీ అందులో సాధారణంగా పంది మాంసం పడుతుంది. అరటికాయ దంచి చేసే మోఫోంగోలోనూ అంతే. శాకాహారులు ప్రతిచోటా విడిగా అడిగి తెలుసుకోవాలి. అరటికాయ ముక్కలను అదిమి రెండుసార్లు వేయించే తోస్తోనేస్ మాత్రం ఎక్కడైనా దొరుకుతాయి.

పాత శాన్ హువాన్‌కు పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే నీలిరాళ్లు పరిచిన ఆ వీధుల్లో నడవలేరు. స్పెయిన్ వాళ్లు 1539లో కట్టడం మొదలుపెట్టిన ఎల్ మోర్రో కోటను, ఆ తర్వాత కట్టిన శాన్ క్రిస్తోబాల్ కోటను ఒకే టికెట్టు మీద చూడవచ్చు. ఎల్ మోర్రో ముందరి పచ్చిక మైదానంలో కుటుంబాలు గాలిపటాలు ఎగరేస్తుంటే అత్తగారు కోట సంగతే మరిచిపోయారు. ఎల్ యుంకే వర్షారణ్యానికి ఒక పూట చాలు, గొడుగు కన్నా రెయిన్‌కోటు నయం.

కులేబ్రా దీవిలోని ఫ్లమెంకో తీరం అందంలో అన్నిటికన్నా మిన్న. అమెరికా నౌకాదళం 1975 దాకా అక్కడ ఫిరంగులు, బాంబులు పేల్చే సాధన చేసింది. వదిలేసిన ట్యాంకులు ఇసుకలో తుప్పు పట్టి ఉన్నాయి. సెయిబా రేవు నుంచి ఫెర్రీ చాలా చవక, అందుకే టికెట్లు తొందరగా అయిపోతాయి. రానుపోను రెండూ ముందే కొనుక్కోండి. అద్దె కారును రేవులోనే వదలాలి.

తిరుగు ప్రయాణానికి కొంచెం ముందుగా బయలుదేరండి. విమానాశ్రయంలో సామాను ఇచ్చేముందు వ్యవసాయ శాఖ తనిఖీ ఉంటుంది. తాజా మామిడిపళ్లు పట్టుకెళ్లనివ్వరు, వేయించిన కాఫీ గింజలకు అడ్డు చెప్పరు. కొండ ప్రాంతంలో పండిన కాఫీ తప్పకుండా తెచ్చుకోండి.