స్ప్రింగ్‌లో ఎర్రర్ మెసేజ్: రెస్పాన్స్‌స్టేటసా, ఎక్సెప్షన్‌హ్యాండ్లరా?

జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్‌లో ఏదైనా తప్పు జరిగితే క్లయింట్‌కు, అంటే మన సర్వీస్‌ను పిలిచే ప్రోగ్రామ్‌కు, చెప్పడానికి ఇక్కడ రెండు దారులు చూద్దాం. మొదటిది: మనం రాసుకున్న ఎక్సెప్షన్ (ఎర్రర్) క్లాస్ పైన ‘రెస్పాన్స్‌స్టేటస్’ యానోటేషన్ (కోడ్‌కు తగిలించే గుర్తు) పెడితే ఒక్క లైన్‌తో పని అయిపోతుంది. ఉదాహరణకు, ఆర్డర్ దొరకకపోతే 404 (‘దొరకలేదు’ అనే స్టేటస్ కోడ్) వెళ్తుంది. చిన్న సర్వీస్‌కు అది చాలు. కానీ అందులో రాసిన కారణం క్లయింట్‌కు చేరుతుందనుకుంటే పొరపాటే: స్ప్రింగ్ బూట్ 2.3 నుంచి డిఫాల్ట్‌గా ఆ మెసేజ్ బయటికి వెళ్లదు. ఇది తెలియక నేను ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను. పైగా ఆ కారణం ముందే రాసిపెట్టిన వాక్యం. ఏ ఆర్డరో అందులో చెప్పలేం.

‘రెస్ట్‌కంట్రోలర్‌అడ్వైస్’ ఉన్న క్లాస్‌లో ‘ఎక్సెప్షన్‌హ్యాండ్లర్’ మెథడ్‌లు రాయడం రెండో దారి. కోడ్ పెరుగుతుంది, నిజమే. అయినా నా ఓటు దీనికే. “ఆర్డర్ 4512 దొరకలేదు” అని స్పష్టంగా చెప్పొచ్చు, ఫార్మాట్ అన్ని ఎండ్‌పాయింట్లకూ (సర్వీస్‌లోని URLలకు) ఒకేలా ఉంటుంది. స్ప్రింగ్ 6లో వచ్చిన ‘ప్రాబ్లమ్‌డీటెయిల్’ వాడితే టైటిల్, స్టేటస్, డీటెయిల్ లాంటి ఫీల్డ్‌లు సిద్ధంగా దొరుకుతాయి. ఊహించని ఎర్రర్లకు మాత్రం 500 (సర్వర్ ఎర్రర్ కోడ్)తో మామూలు మెసేజ్ పంపి, ఎర్రర్ కోడ్‌లో ఎక్కడ పుట్టిందో చూపే స్టాక్ ట్రేస్‌ను లాగ్‌లోనే ఉంచండి.

ఒక్క మాట: సర్వ్‌లెట్ ఫిల్టర్‌లో (రిక్వెస్ట్ కంట్రోలర్‌ను చేరకముందే నడిచే కోడ్‌లో) పుట్టిన ఎక్సెప్షన్ ఈ అడ్వైస్ దాకా రాదు. దాన్ని అక్కడే పట్టుకోవాలి.